ఏడో ఫుట్‌నోట్

మంగళవారం పొద్దున పదిన్నరకి ఒక ఆడమనిషి తూర్పుతీర వైద్య పరిశోధన సంస్థ గ్రంథాలయం మెట్ల మీద వచ్చి కూర్చుంది. ఎంత చెప్పినా లేవలేదు. సెక్యూరిటీ వాళ్ళు బతిమాలారు, గదమాయించారు, పోలీసుల్ని పిలుస్తామన్నారు. ఆమె కొంగు నడుముకి బిగించుకుని ఒకటే మాట అంటోంది.

"వసుంధర డాక్టరమ్మ నా మాట రాసుకున్న కాయితం ఉంది. అది సూపించండి. సూసి ఎల్లిపోతాను."

ఆ పేరు చెవిన పడి దమయంతి లోపల్నుంచి బయటికి వచ్చింది. డాక్టర్ వసుంధర ఆ సంస్థలోనే పనిచేసి, ఆరేళ్ళ కిందట పోయింది. ఇప్పుడు ఆవిడ పేరు తలిచేవాళ్ళే లేరు. దమయంతి మాత్రం ఆవిడ వ్యాసాలన్నీ చదివింది. సంస్థలో ఆమె ఉద్యోగమే అది. ఎవరు ఏ పరిశోధన వ్యాసం రాసినా అందులోని రెఫరెన్సులు ఒక్కొక్కటే తీసి, ఆ పేరు సరైనదేనా, ఆ సంవత్సరం సరైనదేనా, అసలు ఆ పుస్తకంలో ఆ మాట ఉందా అని చూడడం. ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తోంది.

"ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?"

"మైలపిల్లి పోలమ్మని. చినమొగలిపాలెం. బీచీ ఆస్పత్రిలో ఆయాగా సేసేదాన్ని. ఇప్పుడు మానేసేను." పోలమ్మ లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి, ఎండకి కమిలిన ముఖం. "తొమ్మిది రోజుల కింద నా కూతుర్ని పాము కరిసింది తల్లీ. వల్లో సేపలు ఏరతంటే సముద్రప్పాము కరిసీసింది. గంటన్నరలో ఆస్పత్రికి అట్టుకుపోనాం. అప్పటికే దాని నీళ్ళు నల్లగా పోతన్నాయి. నాను అరిసేను, సగం మందే ఎయ్యండి బాబూ, మొత్తం ఎయ్యొద్దు, నీళ్ళు నల్లబడిపోనాయి అని. ఆ డాక్టరు కుర్రోడు ఇన్నేదు. టీవీ సూపించేడు. పూర్తి మందు ఎయ్యమని రాసుందంట. పందొమ్మిది పుస్తకాల్లో అలగే ఉందంట."

"తర్వాత?"

"ఏసేరు. మర్నాడు మజ్జేనానికి సచ్చిపోనాది."

ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన గొంతు అది. దానికంటే గట్టిది ఇంకేదో మిగిలింది.

"పదహారేళ్ళ కింద వసుంధరమ్మ నా పక్కన బల్ల మీద కూకుని రాసుకున్నాది. ఎవరికి ఎంత మందేసేరు, ఎవరు బతికేరు, అంతా నాను సెప్పేను. నా మాట పుస్తకంలో పెడతానన్నాది, పెట్టీసేనని మళ్ళీ వచ్చి సెప్పింది. మరి ఆ టీవీలో ఎందుకు నేదు? నా మాట ఎవరు తీసీసేరు?"

దమయంతి ఆమెని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిస్తే పోలమ్మ తాగలేదు.

ఆ టీవీ అన్నది ప్రతి ఆసుపత్రిలోనూ ఉండే సలహా తెర. దాని వెనకాల ఉన్న యంత్రం పేరు ఏకరూపి. దాన్ని కనిపెట్టింది ఈ సంస్థ డైరెక్టర్ డాక్టర్ పొట్నూరు చిదంబరం. దమయంతి భర్త.

ప్రపంచంలో ఒక్కో పత్రికది ఒక్కో పద్ధతి. ఒకరు వాక్యం చివర పేరూ సంవత్సరమూ రాయమంటారు. ఇంకొకరు అంకె మాత్రం వేసి, వివరం వ్యాసం చివర ఇమ్మంటారు. మరొకరు పేజీ అడుగున ఫుట్‌నోట్ పెట్టమంటారు. ఈ గందరగోళంలో ఏ వ్యాసం ఏ వ్యాసాన్ని ఆధారం చేసుకుందో యంత్రాలకి అంతుపట్టేది కాదు. నూట యాభై ఏళ్ళలో అరవై భాషల్లో వచ్చిన వైద్య వ్యాసాల రెఫరెన్సులన్నిటినీ ఒక్క రూపంలోకి మార్చేస్తే, యంత్రం ఒక ఆధారం పట్టుకుని దాని మూలానికి, దాని మూలానికి పోతూ నాలుగు సెకన్లలో సరైన వైద్యం చెప్పగలదని చిదంబరం ఊహించాడు. ఊహించినట్టే చేసి చూపించాడు. ఏకరూపి వచ్చిన రెండేళ్ళలో కొండల మీద చిన్న ఆసుపత్రుల్లో కూడా ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. ఆ సంగతి ఎవరూ కాదనరు.

రూపం మార్చడం ఎలాగో దానికి నేర్పింది దమయంతి. పదకొండు వందల నలభై నియమాలు చేత్తో రాసింది. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుంది, తమిళులకి అసలు ఉండదు, మైలపిల్లి పోలమ్మ అన్నచోట పోలమ్మే పేరు కానీ మైలపిల్లి కాదు, ఇలాంటివన్నీ. ఒక్క మనిషిని ఆరుగురిగా లెక్కపెట్టకుండా, ఆరుగుర్ని ఒక్కరిగా కలిపెయ్యకుండా యంత్రానికి నేర్పడానికి ఆమెకి నాలుగేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఏకరూపిలో వసుంధర వ్యాసం తెరిచింది. 2031లో వచ్చినది, సముద్రపు పాముకాటు విరుగుడు మందు గురించి. ఆధారాలు ఇరవై రెండు, అన్నీ చక్కగా వరసలో ఉన్నాయి. పేరు, సంవత్సరం, శీర్షిక, ప్రచురణ. పోలమ్మ మాట ఎక్కడా లేదు.

దమయంతి కింద అంతస్తుకి పోయి పాత సంచికల బీరువా తీసింది. అచ్చు ప్రతి దొరికింది. అది ఫుట్‌నోట్ల పద్ధతిలో అచ్చయిన పత్రిక. నూట పద్నాలుగో పేజీ అడుగున, చిన్నక్షరాల్లో, ఏడో నంబరు దగ్గర ఇలా ఉంది.

"ఈ సంగతి నాకు చెప్పినది బీచ్ ఆసుపత్రిలో పనిచేసే ఒక ఆయా. మూత్రం నల్లబడిన తర్వాత పూర్తి కొలత ఒకేసారి ఇచ్చిన ఆరుగురూ చనిపోయారు. సగం ఇచ్చి, మిగతా సగం మర్నాడు ఇచ్చిన నలుగురూ బతికారు. రిజిస్టర్లతో సరిచూశాను, నిజమే. మరింత పరిశోధన జరిగేవరకు మూత్రం నల్లబడినవారికి పూర్తి కొలత ఇవ్వవద్దు."

ఆ పేజీ పట్టుకుని పైకి వచ్చి పోలమ్మకి చదివి వినిపించింది. పోలమ్మ కదలకుండా వింది.

"మరి ఉంది కదా," అంది చివరికి. "ఉన్నదాన్ని ఎవరు తీసీసేరో కనుక్కో. కనుక్కుని మా ఊరొచ్చి సెప్పు. అబద్దం సెప్పకు."

ఆమె వెళ్ళిపోయాక దమయంతి ఏకరూపి నియమాల చరిత్ర తెరిచింది. ఫుట్‌నోట్ల గురించి రాసినది 212వ నియమం. తను రాసిన మాటలు ఆమెకి కంఠతా వచ్చు. 'ఫుట్‌నోట్‌లో ఆధారం కాక వ్యాఖ్య ఉంటే పక్కన పెట్టు. మనిషి చదవాలి.' ఇప్పుడక్కడ ఒక్క ముక్క ఉంది. 'వదిలెయ్.'

మార్చిన తేదీ ఏకరూపి ప్రారంభోత్సవానికి పదకొండు రోజుల ముందుది. మార్పుని ఆమోదించిన కాగితం నకలు కూడా ఉంది. దాని కింద సంతకం దమయంతిది. సంతకం పక్కన పసుపు వేలిముద్ర.

ఆ పసుపు చూడగానే గుర్తొచ్చింది. చిదంబరం చెల్లెలి కూతురి పెళ్ళి. కల్యాణ మండపంలో ఆమె పసుపు కొమ్ములు పంచుతోంది. ఆయన మూడు వందల కాగితాల కట్ట పట్టుకొచ్చి, "రొటీన్‌వే, సాయంత్రంలోగా పంపాలి" అన్నాడు. అరిటాకుల దొంతర మీద పెట్టి, ఒక్కటీ చదవకుండా అన్నిటి మీదా సంతకం పెట్టేసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో చదవకుండా సంతకం పెట్టింది ఆ ఒక్కరోజే.

చిదంబరం మధ్యాహ్నం ఒకటిన్నరకి క్వార్టర్స్‌కి భోజనానికి వస్తాడు. ఆ రోజూ వచ్చాడు. దమయంతి అన్నం వడ్డించి, ఆనపకాయ పులుసు పోసి, కంచం పక్కన ఆ పేజీ నకలు పెట్టింది.

"ఏమిటిది?"

"ఏడో ఫుట్‌నోట్ చదవండి. పైకి చదవండి."

ఆయన పైకి చదవలేదు. చదివి, కాగితం తిప్పి పెట్టాడు. "వసుంధర రాసింది. అయితే?"

"అయితే ఏమిటా? ఆ ఆయా కూతురు తొమ్మిది రోజుల కిందట చచ్చిపోయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తల్లి పక్కన నిలబడి సగం మందే వెయ్యమని అరుస్తూంటే, మన తెర చూపించి పూర్తిగా వేశారు."

చిదంబరం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆయన చెడ్డమనిషి కాడు. ముఖం పాలిపోయింది. కానీ మాట్లాడినప్పుడు మాత్రం డైరెక్టరు గొంతుతోనే మాట్లాడాడు.

"ఆ ఒక్క వ్యాసం సరిచేయిస్తాను. ఇవాళే. నువ్వు ఎవరికీ ఏమీ రాయకు."

"ఒక్క వ్యాసమా? మీరు వదిలెయ్యమన్నవి ఎన్ని?"

ఆయన కంచం పక్కకి జరిపాడు.

"నేను చెప్తాను. నలభై ఒక్క లక్షలు. నేను పక్కన పెట్టమన్నాను. మనిషి చదవాలన్నాను. చదవడానికి మనుషుల్ని ఇమ్మని మూడుసార్లు అడిగాను."

"నలభై ఒక్క లక్షలు ఎవరు చదువుతారు దమయంతీ? పాతికేళ్ళు పడుతుంది. ఫుట్‌నోట్లలో ఏముంటుంది? సగం పాండిత్య ప్రదర్శన, సగం పాత తగాదాలు. వాటి కోసం అన్నీ ఆపుకుని కూర్చోమంటావా? ప్రారంభం ఏడాది వెనక్కి పోయుంటే ఆ ఏడాదిలో ఎంతమంది పోయేవాళ్ళో ఆలోచించావా?"

"ఆలోచించాల్సింది ఇద్దరం. నాకు చెప్పకుండా మార్చారు."

"చెప్పకుండా ఎక్కడ? సంతకం నీదే."

దమయంతి లేచి నిలబడింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మీద ఎప్పుడూ గొంతు పెంచనిది, ఆ రోజు పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూసేంత గట్టిగా అరిచింది. "అవును, నాదే! మీరు దొంగతనంగా పెట్టారు, నేను గుడ్డిగా పెట్టాను. నా తప్పు నేను మొయ్యనన్నానా? మీ తప్పు మీద నా సంతకం కప్పుతారా? యంత్రం ఆపించండి. ఇప్పుడే ఆపించండి."

"ఆపితే రేపు పొద్దున ఎన్ని ఆసుపత్రులు గుడ్డివైపోతాయో తెలుసా? ఆపడం వల్ల చచ్చేవాళ్ళ తల్లులు వస్తే వాళ్ళకి కూడా నువ్వే మంచినీళ్ళిస్తావా?"

ఆ మాటలో నిజం ఉండడం వల్ల ఆమె కోపం ఇంకా పెరిగింది. ఆయన చెయ్యి కడుక్కుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. పులుసన్నం కంచంలో అలాగే ఉండిపోయింది.

ఏకరూపి దేన్నీ పూర్తిగా చెరిపెయ్యదు. వదిలేసినవి ఒక మూల పోగుపడి ఉంటాయి. దమయంతి ఆ మూల తెరిచి, మొదటి వెయ్యి ఫుట్‌నోట్లు చదవడం మొదలుపెట్టింది. మూడు రోజులు పట్టింది. చిదంబరం చెప్పినట్టు చాలావరకు పాండిత్యమే, తగాదాలే. ఒకాయన తన గురువుని పొగడడానికి పదిహేను వరసలు వాడాడు. కానీ మధ్యమధ్యలో చిన్నక్షరాల్లో ఇలాంటివి తగిలేవి.

'పైన పట్టికలో మూడో గడిలో అచ్చుతప్పు పడింది. ఐదు కాదు, సున్నా పాయింట్ ఐదు.'

'ఈ మందు గర్భిణులకి ఇచ్చి చూడలేదు.'

'కోలుకున్నాడని పైన రాసిన రోగి, వ్యాసం అచ్చుకి వెళ్ళాక చనిపోయాడు. సంపాదకులకి తెలియజేశాను, సవరణ వేయలేదు.'

'నర్సు జకియా బేగం చెప్పబట్టి తెలిసింది. ఉబ్బసం ఉన్నవారికి ఇది ప్రమాదం.'

వసుంధర ఏడో ఫుట్‌నోట్‌తో కలిపి వెయ్యిలో ముప్ఫై ఒకటి. ఈ ముప్ఫై ఒక్కరూ పెద్ద పేర్లవాళ్ళు కారు. పేజీ మధ్యలో చోటు దొరకనివాళ్ళు. ప్రాణం కాపాడే మాట చెప్పి, పేజీ అడుగున నిలబడ్డారు. అక్కణ్ణుంచి కూడా తుడిచేశాం అనుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆ జాబితా తీసుకుని డైరెక్టర్ గదికి వెళ్ళింది. చిదంబరం ముఖం నాలుగు రోజుల్లో పీక్కుపోయింది. వసుంధర వ్యాసం సరిచేయించలేకపోయాడట. ఏకరూపి రూపంలో వ్యాఖ్యకి చోటే లేదు. కొత్తగా చోటు పెట్టాలంటే ఆ యంత్రాన్ని వాడే పద్నాలుగు దేశాలూ ఒప్పుకోవాలి. ఉత్తరాలు రాశాడు. ఎనిమిది నెలలు పడుతుందన్నారు.

"ఎనిమిది నెలలు పాములు కరవడం మానేస్తాయా?" అంది దమయంతి.

"ఆసుపత్రులకి సర్క్యులర్ పంపుతాను."

"తెరకి విరుద్ధంగా వైద్యం చేసిన డాక్టరు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలని రూలు పెట్టింది ఎవరు? మీ సర్క్యులర్ చూసి ఎవడు ధైర్యం చేస్తాడు?"

ఆయన తల పట్టుకున్నాడు. ఆమె జాబితా బల్ల మీద పడేసి వచ్చేసింది.

మర్నాడు శనివారం. తన బల్ల దగ్గర కూర్చుని, ఖాళీ ఏకరూపి పత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. పేరు. సంవత్సరం. శీర్షిక. ప్రచురణ. ఈ నాలుగు గడులూ నిండితే యంత్రం ఆధారంగా తీసుకుంటుంది. నిండకపోతే తోసేస్తుంది. వ్యాఖ్యకి చోటు లేదు సరే. శీర్షిక ఎంత పొడుగుండాలన్న నియమం ఉందా? తను రాసిన పదకొండు వందల నలభైలో అలాంటిది లేదు. తను పెట్టలేదు.

పేరు అన్న గడిలో మైలపిల్లి పోలమ్మ అని రాసింది. సంవత్సరం 2031. శీర్షిక గడిలో: 'సముద్రపు పాము కరిచి మూత్రం నల్లబడితే పూర్తి మందు ఇవ్వవద్దు, సగమే ఇచ్చి మిగతా సగం మర్నాడు ఇవ్వాలి, పూర్తి మందు ఇచ్చిన ఆరుగురూ చనిపోయారు'. ప్రచురణ గడిలో: 'నోటిమాట, బీచ్ ఆసుపత్రి, చినమొగలిపాలెం'. దాన్ని వసుంధర వ్యాసానికి ఇరవై మూడో ఆధారంగా తగిలించి పంపింది. నల్లబడిన మూత్రం సంగతి చెప్పే ఆధారం యంత్రానికి ఇదొక్కటే.

పదకొండు నిమిషాలు ఆగి చినమొగలిపాలెం ఆసుపత్రికి ఫోన్ చేసింది. డ్యూటీ డాక్టరు ఎత్తాడు. కుర్ర గొంతు. పోలమ్మ కూతురు నూకరత్నానికి ఇంజక్షన్ వేసింది అతనే అని తర్వాత తెలిసింది.

"సముద్రపు పాముకాటు, మూత్రం నల్లగా ఉంది అని కొట్టి చూడండి బాబూ. తెర ఏమంటోందో చదవండి."

కీబోర్డు చప్పుడు వినిపించింది. "సగం... సగం కొలత ఇవ్వమంటోంది మేడమ్. ఆధారం మైలపిల్లి..." అతను ఆ పేరు మళ్ళీ చదువుకున్నాడు. "ఈవిడ ఆ రోజు ఇక్కడే ఉంది మేడమ్. ఇదే చెప్పింది. నేను వినలేదు."

"మీరు వినడానికి వీల్లేకుండా చేసింది మేం," అంది దమయంతి, ఫోన్ పెట్టేసింది.

ఆ రోజూ ఆదివారమూ కూర్చుని తక్కిన ముప్ఫై హెచ్చరికల్నీ అలాగే ఆధారాలుగా మార్చింది. సోమవారం నుంచి రెండో వెయ్యి మొదలుపెట్టింది. ప్రతి మాటకీ అది చెప్పిన మనిషి పేరు వెతికి పట్టుకుంది. వార్డు బాయ్‌లు, నర్సులు, మంత్రసానులు, ఒక జైలు వంటవాడు. పేరు దొరకనిచోట 'పేరు రాసుకోలేదు' అన్నదే పేరు గడిలో పెట్టింది.

గురువారం నాటికి ఎక్కడో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పసిగట్టారు. లేని ప్రచురణలు ఆధారాల్లోకి ఎక్కుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. సాయంత్రం చిదంబరం ఇంటికి వస్తూనే బ్యాగు సోఫాలోకి విసిరేశాడు.

"దొంగ ఆధారాలు సృష్టిస్తున్నావా? నువ్వా? ఇరవై ఎనిమిదేళ్ళు ఇతరుల దొంగ రెఫరెన్సులు పట్టుకున్నదానివి?"

"ఏది దొంగది? పోలమ్మ ఉంది. మాట చెప్పింది. ఆ మాట నిజం. ఇంకేం కావాలి ఆధారానికి?"

"పుస్తకం కావాలి! అచ్చవ్వాలి! రేపు ప్రతివాడూ నోటిమాట అని ఎక్కిస్తే ఈ యంత్రం ఏమవుతుంది? చెత్తకుప్ప అవుతుంది. నా ఇరవై ఏళ్ళ పని!"

"అచ్చయిన మాటనే తీసేశారు కదా మీరు? నూట పద్నాలుగో పేజీలో అచ్చయి ఉంది. అప్పుడు అచ్చుకి విలువ లేకపోయిందా?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. నేను ఆపలేను."

"ఆపమని అడిగానా?"

విచారణ ఆ పై సోమవారం జరిగింది. ఐదుగురు సభ్యులు. అధ్యక్షుడు శేషగిరి గారు, వైస్ ఛాన్సలర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. చిదంబరం ఒక పక్క కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద పెద్ద తెర.

"అమ్మా, మీరు ఎక్కించిన అరవై నాలుగు ఆధారాల్లో ఒక్కటైనా ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుందా?" అని అడిగారు శేషగిరి గారు.

"అన్నీ దొరుకుతాయండి. ఎవరో ఒకరి వ్యాసంలో పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉన్నాయి. మన యంత్రం వాటిని వదిలేసింది. నేను వాటికి యంత్రం ఒప్పుకునే చొక్కా తొడిగాను. అంతే."

"విధానం ఉంటుంది కదమ్మా. మాకు చెప్పి చేయాలి."

"విధానం ఎనిమిది నెలలు పడుతుందన్నారు. ఈ పది రోజుల్లో మీరు చదవడానికి ఒక్క ఫుట్‌నోట్ అయినా అడిగారా? నా జాబితా డైరెక్టర్ గారి బల్ల మీద ఉంది. మీలో ఎవరు చూశారు?"

ఒక సభ్యుడు గొంతు సవరించుకుని, తెర మీద జాబితా కిందికి జరుపుతూ, "అరవై నాలుగు కాదండీ, అరవై ఐదు ఉన్నాయి. ఈ చివరిది ఇవాళ పొద్దున ఎక్కింది" అన్నాడు.

చివరిది పెద్దక్షరాల్లో తెర మీదికి వచ్చింది. 'పొట్నూరు చిదంబరం, పొట్నూరు దమయంతి. 2047. హెచ్చరికలన్నీ వదిలెయ్యమని మేము 212వ నియమం మార్చినందువల్ల గరికిన నూకరత్నం, ఇరవై నాలుగేళ్ళు, చినమొగలిపాలెంలో చనిపోయింది. ఇంకా ఎంతమంది చనిపోయారో మాకు తెలియదు. ఏకరూపి ఆధారాల విభాగం.'

చిదంబరం లేచాడు. "దమయంతీ, అది తీసెయ్."

"తీయడానికి వీల్లేదండి. ఇతర వ్యాసాలకి తగిలిన ఆధారాన్ని ఎవరూ తొలగించకూడదు. అది మీరు పెట్టిన నియమం, నాలుగోది. విరుగుడు మందు గురించిన ప్రతి వ్యాసానికీ తగిలించాను. రెండు వందల పైన ఉన్నాయి."

"నన్ను అడక్కుండా నా పేరు పెట్టావు."

"నన్ను అడక్కుండా నా సంతకం వాడుకున్నారు. పేర్ల వరస కూడా మార్చలేదు, అక్షరక్రమంలో మీరే ముందు."

శేషగిరి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తెర మీది వాక్యం మళ్ళీ చదివారు. ఆ తర్వాత చిదంబరాన్ని అడిగారు. "ఇది నిజమేనా?"

చిదంబరం తెర మీది పేర్లు మళ్ళీ చదివాడు. దమయంతి ఆయన వైపు చూడలేదు. చూస్తే జాలి వేస్తుందని భయం వేసింది. ఆ రోజు జాలి పడడం ఆమెకి ఇష్టం లేదు.

"నిజమే," అన్నాడు ఆయన.

దమయంతిని ఉద్యోగంలోంచి తీసేశారు. విధానం ఉల్లంఘించినందుకు. చిదంబరం నెల తిరక్కుండా రాజీనామా చేశాడు. కానీ ఆ అరవై ఐదో ఆధారం నాలుగు రోజుల్లో పద్నాలుగు దేశాలూ తిరిగింది. పత్రికలవాళ్ళు అడిగారు, ఆసుపత్రులు అడిగాయి, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు అడిగారు. ఎనిమిది నెలలు పడుతుందన్న పని మూడు వారాల్లో అయింది. ఏకరూపిలో వ్యాఖ్యకి ఐదో గడి పుట్టింది. వదిలేసిన ఫుట్‌నోట్లు చదవడానికి రిటైరైన నర్సులు, టీచర్లు నాలుగు వందల మంది ఒక హాల్లో కూర్చున్నారు. దమయంతి క్వార్టర్స్ వదిలేసి, మధురవాడలో చెల్లెలి ఇంట్లో ఉంటూ రోజూ బస్సెక్కి వెళ్ళి, ఉద్యోగి హోదా లేకుండానే వాళ్ళతో కూర్చుని చదివేది. ఒకరోజు చూస్తే చిదంబరం చివరి బల్ల దగ్గర కూర్చుని చదువుతున్నాడు. తలెత్తి చూశాడు. ఆమె పలకరించలేదు. తన కట్ట విప్పుకుని చదవడం మొదలుపెట్టింది.

పోలమ్మ దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఆమెకి నెలన్నర పట్టింది.

చినమొగలిపాలెంలో పోలమ్మ తీరం మీద ఎండు చేపలు తిరగేస్తోంది. దమయంతిని చూసి కూర్చోమనలేదు. దమయంతి నిలబడే అంతా చెప్పింది. నియమం, మార్పు, సంతకం, పెళ్ళిమండపం. దేన్నీ తగ్గించి చెప్పలేదు.

"అయితే నీ మొగుడూ నువ్వూనా," అంది పోలమ్మ.

"ఇద్దరం."

పోలమ్మ చేతిలో ఉన్న చేపల గంప నేలకేసి కొట్టింది. చేపలు ఇసకలో చెల్లాచెదురయ్యాయి. "సదూకున్నోళ్ళు! సదవమని కూకోబెడితే సదవనేకపోనారు! నాను సదవడం రానిదాన్ని, ఆరుగురు సచ్చిపోనారని సేతేళ్ళు ముడిసి గుర్తెట్టుకున్నాను. నువ్వు ఒక్క ముక్క సదవనేకపోనావా?" ఆమె ఒక అడుగు ముందుకి వేసింది. "నీ కొలువు పోతే నాకేటి? నా పిల్లొస్తాదా?"

"రాదు."

"మరెందుకొచ్చేవు?"

"చెప్పమన్నావు. అబద్ధం చెప్పొద్దన్నావు."

దమయంతి వంగి చేపలు ఏరబోతే, "ముట్టుకోకు" అని కసిరింది. తనే కూర్చుని ఒక్కొక్కటే ఇసక దులిపి గంపలో వేసుకుంది. సగం ఏరాక తల ఎత్తకుండానే మాట్లాడింది.

"మొన్న మా ఈదిలో దానియ్య కోడల్ని కరిసింది. సగమే ఏసేరు. బతికింది."

దమయంతికి ఆ సంగతి తెలియదు.

"కానీ నీళ్ళు నల్లబడిందాకా ఆగితే అప్పటికే ఆలీసం అయిపోద్ది. అంతకు ముందే తెలుస్తాది." పోలమ్మ తన దవడ మీద చెయ్యి పెట్టుకుంది. "ఇదిగో, ఇది పట్టేస్తాది. నోరు తెరవమంటే తెరవనేరు. నా పిల్లకి నీళ్ళు నల్లబడక గంట ముందే పట్టీసింది. నన్ను పిలవబోనాది. అమ్మా అని కూడా అన్నేకపోనాది. కళ్ళతో సూసింది. అప్పుడు నాకు తెల్దు. ఇప్పుడు తెలిసింది. దానియ్య కోడలికీ అలగే పట్టింది." ఆమె కళ్ళు ఇప్పుడు దమయంతి మీద నిలిచాయి. వాటిలో కోపం ఏమాత్రం తగ్గలేదు. "రాసుకో."

దమయంతి సంచిలోంచి కాగితం, కలం తీసి ఇసకలో కూర్చుంది. పేరు దగ్గర 'మైలపిల్లి' అని మొదలుపెట్టబోయింది.

"నా పేరు కాదు. ఇది నాను సెప్పిన మాట కాదు. అది సెప్పింది. దాని పేరు రాయి."

దమయంతి గరికిన నూకరత్నం అని రాసింది. సంవత్సరం రాసింది. పోలమ్మ చెప్పింది చెప్పినట్టు, దవడ గురించి, గంట గురించి, ఒక్క ముక్క పోకుండా రాసింది.

"సదువు," అంది పోలమ్మ.

చదివింది.

"మళ్ళీ సదువు."